కొలత పరికరాలను కంప్యూటర్‌కు కలపడం: మొదటి జవాబు రప్పించే దారి

బ్యాటరీ డిశ్చార్జ్ టెస్ట్ చేస్తూ ఐదు నిమిషాలకోసారి మల్టీమీటర్ రీడింగ్‌ను కాగితం మీద రాసుకున్నవాళ్లకు ఈ పని ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు. మూడు గంటలు దాటాక చూపు అలసిపోతుంది, 3.68 కాస్తా 3.86 అవుతుంది. గ్రాఫ్ గీసేటప్పుడు ఆ ఒక్క చుక్క మాత్రం పక్కకు పోయి కనిపిస్తుంది. అది నిజంగా బ్యాటరీలో జరిగిందా, మన రాతలో జరిగిందా అని తేల్చడానికి దారి ఉండదు.

మల్టీమీటర్, ఆసిలోస్కోప్, పవర్ సప్లై, ఫంక్షన్ జనరేటర్ లాంటి వాటిలో చాలా వరకు వెనకవైపు కంప్యూటర్ కోసమే ఒక పోర్ట్ ఉంటుంది. కొన్నవాళ్లలో ఎంతోమంది దాన్ని ఒక్కసారైనా వాడరు. కేబుల్ పెట్టి చూస్తారు, ఏమీ రాదు, వదిలేస్తారు. ఇలా మధ్యలో ఆపేసినవాళ్లను గమనిస్తే ఒక విషయం అర్థమైంది. అందరూ ఒకేసారి చివరి మెట్టు మీదికి దూకుతున్నారు. కేబుల్, డ్రైవర్, అడ్రస్, కమాండ్, ప్రోగ్రామ్ అన్నీ ఒక్క దెబ్బతో పనిచేయాలనుకుంటారు. అందులో ఏ ఒక్కటి తప్పినా ఎక్కడ తప్పిందో తెలియదు. ఈ గైడ్‌లో అలా చేయం. కింది మెట్టు గట్టిగా ఉందని తేలాకే పైమెట్టు ఎక్కుతాం.

ఒక చిన్న సూచన: కమాండ్లు, అడ్రస్‌లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

మొదటి అడుగు: వెనక ప్యానెల్ చూడండి

పరికరాన్ని తిప్పి ఏ పోర్ట్‌లు ఉన్నాయో చూడండి. సాధారణంగా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి, లేదా రెండు మూడు కనిపిస్తాయి: యూఎస్‌బీ, లాన్, ఆర్‌ఎస్-232 అనే సీరియల్ పోర్ట్, జీపీఐబీ అనే 24 పిన్నుల పాత పోర్ట్.

ముందువైపు ప్యానెల్ మీద పెన్‌డ్రైవ్ పట్టే చదునైన యూఎస్‌బీ పోర్ట్ కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి. అది స్క్రీన్ ఫొటోలు సేవ్ చేసుకోవడానికి ఉన్నది. కంప్యూటర్‌కు కలపాల్సింది చాలా పరికరాల్లో వెనకాల ఉంటుంది, ప్రింటర్లకు ఉండేలాంటి చతురస్రపు సాకెట్. ముందు పోర్ట్‌కూ ల్యాప్‌టాప్‌కూ కేబుల్ వేసి, ఏమీ కనిపించట్లేదే అని గంటలు పోగొట్టుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

రెండు మూడు పోర్ట్‌లు ఉంటే నేనైతే ముందు లాన్, అది లేకపోతే యూఎస్‌బీ, తర్వాత జీపీఐబీ, చివరగా సీరియల్ ఎంచుకుంటాను. లాన్‌ను ముందు పెట్టడానికి వేగం ఒక్కటే కారణం కాదు. దాని కనెక్టర్‌లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. షీల్డ్ లేని కేబుల్ వాడితే పరికరం గ్రౌండ్, కంప్యూటర్ గ్రౌండ్ ఆ కేబుల్ ద్వారా కలవవు. అది ఎందుకంత ముఖ్యమో చెప్పాకే కేబుల్ దగ్గరికి వెళ్దాం.

రెండో అడుగు: కేబుల్ పెట్టే ముందు ఎర్త్ గురించి ఆలోచించండి

ఈ మెట్టును దాటవేయకండి. పరికరాలు, ల్యాప్‌టాప్‌లు కాలిపోయేది ఇక్కడే.

కరెంటుతో నడిచే మామూలు ఆసిలోస్కోప్‌లో ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ నేరుగా స్కోప్ బాడీకి, అక్కడి నుంచి ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌కు కలిసి ఉంటుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ యూఎస్‌బీ పోర్ట్‌లోని గ్రౌండ్ కూడా ఎర్త్‌కే కలిసి ఉంటుంది. అంటే యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే రెండు ఎర్త్‌ల మధ్య ఇంకో తీగ వేసినట్టే. కొలిచే సర్క్యూట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వేరుపడి ఉంటే పెద్దగా ప్రమాదం ఉండదు. కానీ ఆ ఎర్త్ లూప్‌లో ప్రవహించే చిన్న కరెంట్ వల్ల మిల్లీవోల్ట్ స్థాయి కొలతల్లో 50 లేదా 60 హెర్ట్జ్ అల కలిసిపోతుంది.

అసలు ప్రమాదం బ్యాటరీతో నడిచే చేతి స్కోప్‌తోనూ, కంప్యూటర్‌కు తగిలించి వాడే చిన్న యూఎస్‌బీ స్కోప్‌తోనూ వస్తుంది. చేతి స్కోప్ బ్యాటరీ మీద ఉన్నంతసేపు దాని గ్రౌండ్‌కు ఎర్త్‌తో సంబంధం ఉండదు. దానికి ఐసొలేషన్ (తీగల సంబంధం తెంపే ఏర్పాటు) లేని యూఎస్‌బీ పోర్ట్ ఉండి, ఆ కేబుల్ కంప్యూటర్‌కు పెట్టిన క్షణంలో గ్రౌండ్ క్లిప్ ఎర్త్ అయిపోతుంది. యూఎస్‌బీ స్కోప్‌లలో చాలా వాటికి గ్రౌండ్ క్లిప్, కంప్యూటర్ గ్రౌండ్ ఒకటే. ఇప్పుడు ఆ క్లిప్‌ను మెయిన్స్‌కు నేరుగా కలిసిన సర్క్యూట్‌లో, ఉదాహరణకు స్విచింగ్ పవర్ సప్లై ప్రైమరీ వైపు పెడితే మెయిన్స్ కరెంట్ ప్రోబ్ తీగ, కంప్యూటర్ మదర్‌బోర్డ్ గుండా ఎర్త్‌కు పోతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అప్పుడు ల్యాప్‌టాప్ బాడీయే మెయిన్స్ వోల్టేజీకి ఎక్కుతుంది, కీబోర్డ్ మీద మీ చేతులు ఉంటాయి. ఇలాంటి కొలతలకు తగిన రేటింగ్ ఉన్న డిఫరెన్షియల్ ప్రోబ్, అంటే ఏ చివరనూ ఎర్త్‌కు కలపకుండా రెండు చోట్ల మధ్య తేడా కొలిచే ప్రోబ్, వాడాలి. స్కోప్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పరిష్కారం కాదు.

కొలిచే సర్క్యూట్ గ్రౌండ్ ఎక్కడుందో అనుమానంగా ఉంటే లాన్ వాడండి, లేదా యూఎస్‌బీ ఐసొలేటర్ అనే చిన్న డబ్బాను మధ్యలో పెట్టండి. కొనేటప్పుడు దాని వేగం చూసుకోండి. చవక రకాల్లో చాలా వరకు సెకనుకు 12 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి. మల్టీమీటర్‌కు అది ధారాళంగా సరిపోతుంది, స్కోప్ నుంచి పెద్ద వేవ్‌ఫామ్‌లు తెచ్చుకోవడానికి నెమ్మదనిపిస్తుంది. ఒక్క మాట: ఈ డబ్బా నాయిస్‌ను, గ్రౌండ్ లూప్‌ను తప్పించడానికి. మెయిన్స్ సర్క్యూట్‌లో ప్రోబ్ పెట్టడానికి దాన్ని భరోసాగా తీసుకోకండి.

చేతి మల్టీమీటర్లలో చాలా వాటికి ఈ బెడద లేదు. వాటి కేబుల్ చివర ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, సెన్సర్ ఉంటాయి. సమాచారం వెలుగు రూపంలో దాటుతుంది కాబట్టి మీటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తీగ సంబంధమే ఉండదు.

మూడో అడుగు: కంప్యూటర్‌కు పరికరం కనిపించేలా చేయండి

ఇక్కడ మన లక్ష్యం చిన్నది. పరికరం అక్కడ ఉందని ఆపరేటింగ్ సిస్టమ్ ఒప్పుకోవాలి, అంతే.

యూఎస్‌బీ సులువు. పరికరాల కోసమే యూఎస్‌బీలో యూఎస్‌బీటీఎంసీ అనే ప్రామాణిక పద్ధతి ఉంది. విండోస్‌లో కింద చెప్పబోయే వీసా సాఫ్ట్‌వేర్ వేశాక కేబుల్ పెడితే డివైస్ మేనేజర్‌లో ‘టెస్ట్ అండ్ మెజర్‌మెంట్ డివైస్’ అన్న పేరుతో పరికరం వస్తుంది. లైనక్స్‌లో దీని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, డెవ్ ఫోల్డర్‌లో యూఎస్‌బీటీఎంసీ0 అనే ఫైల్ పుడుతుంది. దాన్ని తెరవడానికి మామూలు యూజర్‌కు పర్మిషన్ లేకపోతే దాన్ని ఇచ్చే యూడెవ్ రూల్ అనే చిన్న సెట్టింగ్ ఫైల్ ఒకటి రాయాలి. సూడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, ఒకసారి పనిచేయించి చూస్తే సమస్య పర్మిషన్‌దా కాదా అనేది వెంటనే తేలిపోతుంది. కొన్ని పరికరాలు యూఎస్‌బీ సాకెట్ ఉన్నా లోపల సీరియల్ పోర్ట్‌లాగే నడుస్తాయి, డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్ట్‌గా కనిపిస్తాయి. అప్పుడు వాటిని సీరియల్ లెక్కలోకి తీసుకోండి.

లాన్‌లో అడ్రస్ సంగతి చూసుకోవాలి. రౌటర్‌కు కలిపితే పరికరం తనంతట తానే ఐపీ అడ్రస్ తెచ్చుకుంటుంది. దాని సెట్టింగ్స్ మెనూలో ఆ అడ్రస్ కనిపిస్తుంది. రౌటర్ లేకుండా ల్యాప్‌టాప్‌కే నేరుగా కేబుల్ వేస్తే రెండు వైపులా 169.254తో మొదలయ్యే అడ్రస్‌లు వాటంతటవే ఏర్పడవచ్చు, దానికి నిమిషం దాకా పడుతుంది. చేత్తో ఇచ్చుకోవడం నాకు నచ్చుతుంది: పరికరానికి 192.168.50.20, ల్యాప్‌టాప్ లాన్ పోర్ట్‌కు 192.168.50.10, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే ఖాళీగా వదిలేయవచ్చు. 50 అనే అంకెను కావాలనే తీసుకున్నాను. వైఫై రౌటర్లు ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 వాడతాయి. కేబుల్‌కూ అదే ఇస్తే ల్యాప్‌టాప్ పరికరానికి పంపాల్సిన మాటను వైఫై వైపు పంపేస్తుంది.

అడ్రస్ పెట్టాక కమాండ్ కిటికీలో పింగ్ కమాండ్‌తో ఆ అడ్రస్‌ను పలకరించండి. జవాబు వస్తే బ్రౌజర్‌లో అదే అడ్రస్ కొట్టి చూడండి. ఎల్ఎక్స్ఐ (లాన్ మీద నడిచే కొలత పరికరాల ప్రమాణం) గుర్తు ఉన్న పరికరమైతే దాని మోడల్, సీరియల్ నంబర్ చూపే వెబ్ పేజీ తెరుచుకుంటుంది. ఒక హెచ్చరిక: ఈ పరికరాలు కమాండ్లు తీసుకునే పోర్ట్‌లకు సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా మీ పవర్ సప్లైను ఆన్ చేయగలరు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకండి.

సీరియల్‌కు ఓపిక కావాలి. కొత్త కంప్యూటర్లలో తొమ్మిది పిన్నుల పోర్ట్ లేదు కాబట్టి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే అడాప్టర్ కావాలి. కొనేటప్పుడు అది ఆర్‌ఎస్-232 అడాప్టరేనా అని చూడండి. మైక్రోకంట్రోలర్ బోర్డ్‌లకు వాడే 3.3 లేదా 5 వోల్ట్‌ల అడాప్టర్ వేరు. ఆర్‌ఎస్-232 తీగ మీద ప్లస్ 15, మైనస్ 15 వోల్ట్‌ల దాకా ఉండొచ్చు, ఆ చిన్న అడాప్టర్ దానికి తట్టుకోలేదు.

అడాప్టర్ బాగుందో లేదో ముందే తేల్చుకోవడానికి చక్కటి పరీక్ష ఉంది. పరికరానికి కలపకుండా అడాప్టర్ 2, 3 పిన్నులను చిన్న తీగతో కలపండి. పోర్ట్‌కు అక్షరాలు పంపి, వచ్చినవి చూపే టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసిన అక్షరాలు తిరిగి స్క్రీన్ మీదికి వస్తే అడాప్టర్, డ్రైవర్, కామ్ పోర్ట్ నంబర్ మూడూ సరైనవే. టెర్మినల్‌లో లోకల్ ఎకో (టైప్ చేసింది ప్రోగ్రామే స్క్రీన్ మీద చూపడం) ఆఫ్‌లో ఉండాలి, హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ కూడా ఆఫ్ చేయాలి, లేకపోతే ఈ పరీక్షకు అర్థం ఉండదు. ఇంత చిన్న పరీక్షతో ఒక రోజంతా వృథా కాకుండా మిగులుతుంది.

తర్వాత బాడ్ రేట్ (పంపే వేగం), డేటా బిట్స్, పారిటీ, స్టాప్ బిట్స్ రెండు వైపులా ఒకటే ఉండాలి. 9600, 8, నన్, 1 అనేది తరచుగా కనిపించే కలయిక, కానీ పరికరం మెనూలో ఉన్నదే ప్రమాణం. పిచ్చి అక్షరాలు వస్తున్నాయంటే చాలావరకు బాడ్ రేట్ తప్పు. అసలేమీ రావట్లేదంటే 2, 3 తీగలు అడ్డం మార్చిన నల్ మోడెమ్ కేబుల్ కావాల్సిన చోట నేరు కేబుల్ ఉందేమో, లేదా పరికరం ఆర్‌టీఎస్, సీటీఎస్ అనే హ్యాండ్‌షేక్ తీగల అనుమతి కోసం ఎదురుచూస్తోందేమో చూడండి. లైనక్స్‌లో పోర్ట్ తెరుచుకోకపోతే ఉబుంటూ లాంటి వాటిలో మీ యూజర్‌ను డయలౌట్ గ్రూప్‌లో చేర్చి, మళ్లీ లాగిన్ అవ్వాలి.

జీపీఐబీ పాతదే అయినా గట్టిది. 1960ల చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ తన పరికరాల కోసం చేసుకున్న బస్ ఇది, 1975లో ఐఈఈఈ 488 ప్రమాణమైంది. 24 పిన్నుల బరువైన కనెక్టర్‌ను ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. కంప్యూటర్‌తో కలిపి ఒక బస్ మీద 15 పరికరాలే, మొత్తం కేబుల్ 20 మీటర్లు దాటకూడదు. పరికరానికి 2 మీటర్ల చొప్పున లెక్క వేస్తే 20 కంటే తక్కువ వచ్చిందనుకోండి, ఆ తక్కువదే హద్దు. ప్రతి పరికరానికీ 0 నుంచి 30 లోపు వేరువేరు అడ్రస్ ఉండాలి. కంప్యూటర్ మామూలుగా 0 తీసుకుంటుంది కాబట్టి దాన్ని వదిలేయండి. పాత పరికరాల్లో ఈ అడ్రస్‌ను వెనకాల ఉండే చిన్న స్విచ్‌లతో పెట్టాలి, మార్చాక ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఆఫ్‌లో ఉన్న పరికరాలు ఎక్కువగా బస్ మీద వేలాడితే మిగతావాటి మాటలు చెడిపోతాయి, వాడనివాటిని విప్పేయండి. కంప్యూటర్ వైపు యూఎస్‌బీ జీపీఐబీ అడాప్టర్ కావాలి. అది కాస్త ఖరీదైనదే, కానీ పాత మంచి మల్టీమీటర్ ఒకటి చేతిలో ఉంటే ఆ ఖర్చుకు విలువ ఉంది.

నాలుగో అడుగు: వీసా వేయండి

ఈ వీసాకు ప్రయాణాలతో సంబంధం లేదు. వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అన్న పేరుకు పొట్టి రూపం. తీగ ఏదైనా సరే, ప్రోగ్రామ్‌కు ఒకే రకం అడ్రస్, ఒకే రకం రాయడం, చదవడం ఉండేలా చేసే పొర ఇది. ఈరోజు యూఎస్‌బీలో రాసిన ప్రోగ్రామ్‌ను రేపు లాన్‌కు మార్చాలంటే చాలావరకు అడ్రస్ లైన్ ఒక్కటి మారిస్తే చాలు.

నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్, కీసైట్, రోడే అండ్ ష్వార్జ్ మూడూ తమ తమ వీసాలను ఇస్తాయి. మొదటిసారి అయితే వాటిలో ఒక్కటే వేయండి. రెండు ఉన్నా నడపవచ్చు, కానీ ఏది ముందు పనిచేస్తుందో సెట్ చేసుకోవడం వేరే తలనొప్పి. పైథాన్ మాత్రమే వాడతాం, పెద్ద ఇన్‌స్టాలర్ వద్దు అనుకుంటే పైవీసా-పై అనే స్వచ్ఛమైన పైథాన్ వెర్షన్ ఉంది. లాన్‌కు, సీరియల్‌కు అది బాగా సరిపోతుంది.

వీసాతో పాటు పరికరాలను వెతికి చూపే ప్రోగ్రామ్ వస్తుంది. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది మ్యాక్స్, కీసైట్‌ది కనెక్షన్ ఎక్స్‌పర్ట్. అది తెరిచి వెతకమంటే యూఎస్‌బీ పరికరం వెంటనే జాబితాలోకి వస్తుంది. లాన్ పరికరం రాకపోతే ఐపీ అడ్రస్ ఇచ్చి చేత్తో చేర్చండి. చేర్చాక వీసా దానికి ఒక పొడుగాటి అడ్రస్ ఇస్తుంది. లాన్‌కు ‘టీసీపీఐపీ’తో, జీపీఐబీకి ‘జీపీఐబీ’తో, సీరియల్‌కు ‘ఏఎస్ఆర్ఎల్’తో మొదలై, ముక్కల మధ్య రెండేసి కోలన్‌లతో, చివర ‘ఇన్‌స్టర్’తో ముగుస్తుంది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి ఒక ఫైల్‌లో దాచుకోండి.

లాన్‌లో ఇంకో దారీ ఉంది. చాలా పరికరాలు 5025 నంబర్ పోర్ట్‌లో మామూలు అక్షరాల్లోనే కమాండ్లు వింటాయి. రైగోల్ స్కోప్‌లు 5555 వాడతాయి. ఈ దారిలో వీసా కూడా అక్కర్లేదు, ఏ టెర్మినల్ ప్రోగ్రామ్ నుంచైనా మాట్లాడొచ్చు. వీసాలో ఏదో తేడా ఉందని అనుమానం వచ్చినప్పుడు తేల్చుకోవడానికి ఇది నాకు ఎన్నోసార్లు ఉపయోగపడింది.

ఐదో అడుగు: పేరు అడగండి

ఇప్పటిదాకా చేసినదంతా ఈ ఒక్క ప్రశ్న కోసం. వెతికి చూపిన అదే ప్రోగ్రామ్‌లో కమాండ్ పంపే కిటికీ తెరిచి, నక్షత్రం గుర్తు, ఐ, డి, ఎన్, ప్రశ్న గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి పంపండి: *ఐడీఎన్? అన్నమాట.

జవాబుగా కామాలతో వేరుచేసిన నాలుగు ముక్కలు వస్తాయి. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబర్, లోపలి ఫర్మ్‌వేర్ వెర్షన్. ఈ ఒక్క లైన్ వచ్చిందంటే కేబుల్, డ్రైవర్, అడ్రస్, వీసా అన్నీ సరైనవని రుజువైనట్టే. ఇక మీదట ఏ సమస్య వచ్చినా అది కమాండ్‌లోనో ప్రోగ్రామ్‌లోనో ఉంటుంది, తీగల్లో వెతకనక్కర్లేదు. అందుకే ఈ లైన్ రానిదే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను.

జవాబు రాకపోతే ఎక్కువసార్లు కారణం లైన్ ముగింపు గుర్తు. కమాండ్ అయిపోయిందని పరికరానికి తెలియాలంటే సీరియల్‌లోనూ, నేరు సాకెట్‌లోనూ (పైన చెప్పిన 5025 పోర్ట్ దారి) చివర న్యూలైన్ పంపాలి. కొన్నింటికి దానికి ముందు క్యారేజ్ రిటర్న్ కూడా కావాలి. ఆ గుర్తు లేకపోతే పరికరం మీ మాట ఇంకా పూర్తికాలేదనుకుని నిలబడి ఉంటుంది. యూఎస్‌బీటీఎంసీ, జీపీఐబీలో మాట ముగిసిందని చెప్పే ఏర్పాటు వాటిలోనే ఉంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ.

1987లో ఐఈఈఈ 488.2 రాకముందు తయారైన పరికరాల్లో చాలా వాటికి ఈ ప్రశ్నే తెలియదు. కొన్ని ‘ఐడీ?’ అంటే పలుకుతాయి, కొన్నింటికి పేరు చెప్పే కమాండే లేదు. వాటి మాన్యువల్ చూసి ఏదైనా సాదా రీడింగ్ అడగండి.

ఆరో అడుగు: పరికరం భాష

1990 నుంచి చాలా పరికరాలు ఎస్‌సీపీఐ అనే ఉమ్మడి భాష మాట్లాడతాయి. పనిచేసేవాళ్లు దాన్ని ‘స్కిపీ’ అంటారు. కమాండ్లు చెట్టు కొమ్మల్లా ఉంటాయి, కొమ్మకూ కొమ్మకూ మధ్య కోలన్. డీసీ వోల్టేజ్ కొలవమనడానికి ‘మెజర్:వోల్టేజ్:డీసీ?’ అంటారు. మాన్యువల్లో ఒక్కో మాటలో కొన్ని అక్షరాలు పెద్దవిగా, మిగతావి చిన్నవిగా అచ్చువేస్తారు. పెద్ద అక్షరాలు మాత్రమే రాసినా చాలు, మొత్తం మాట రాసినా చాలు, మధ్యలో ఎక్కడో తెంపితే మాత్రం ఒప్పుకోదు. చివర ప్రశ్న గుర్తు ఉంటే పరికరం జవాబు సిద్ధం చేస్తుంది, లేకపోతే చెప్పిన పని చేసి ఊరుకుంటుంది.

ఇక్కడ కొత్తవాళ్లను బాగా ఇబ్బంది పెట్టేది ‘మెజర్’ కమాండే. చాలా మల్టీమీటర్లలో అది పరికరాన్ని ఆ కొలతకు డిఫాల్ట్ సెట్టింగ్స్‌కు తెచ్చి, కొలిచి, జవాబు ఇస్తుంది. మీరు ముందు లైన్‌లో ఇంటిగ్రేషన్ సమయం, అంటే ఒక్కో రీడింగ్‌ను ఎంతసేపు కొలవాలో, జాగ్రత్తగా సెట్ చేసుకున్నా, తర్వాత లైన్‌లో ‘మెజర్’ అనగానే అది పోతుంది. అంకెలు వస్తూనే ఉంటాయి కాబట్టి తప్పు కనపడదు, నాయిస్ మాత్రం ఎక్కువగా ఉంటుంది. అందుకే ‘కాన్ఫిగర్’తో కొలత రకం చెప్పండి, తర్వాత కావలసిన సెట్టింగ్స్ పెట్టండి, ప్రతి రీడింగ్‌కు ‘రీడ్?’ పంపండి.

ప్రతి కొత్త కమాండ్ తర్వాత ‘సిస్టమ్:ఎర్రర్?’ అని అడగడం అలవాటు చేసుకోండి. సున్నా, నో ఎర్రర్ అని వస్తే మంచిది. మైనస్ 113 వస్తే ఆ కమాండ్ పరికరానికి తెలియదు, స్పెల్లింగ్ చూడండి. మైనస్ 222 అంటే ఇచ్చిన విలువ హద్దు దాటింది. మైనస్ 410 అంటే మొదటి జవాబు చదవకుండానే రెండో ప్రశ్న వేశారు. మైనస్ 420 అంటే ప్రశ్న పూర్తిగా అందకుండానే జవాబు చదవబోయారు. ఎర్రర్‌లు ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉంటాయి కాబట్టి సున్నా వచ్చేదాకా అడుగుతూ పోవాలి. అడగకపోతే చాలా పరికరాలు పెద్దగా గోల చేయవు, తప్పు కమాండ్‌ను వదిలేసి పాత సెట్టింగ్‌తోనే కొలుస్తూ పోతాయి.

ఏడో అడుగు: పైథాన్ నుంచి మాట్లాడండి

ల్యాబ్‌వ్యూ, మ్యాట్‌ల్యాబ్ కూడా ఈ పని చేస్తాయి. ఉచితంగా, తక్కువ లైన్లలో అవ్వాలంటే పైథాన్, దానిలో పైవీసా లైబ్రరీ సరిపోతాయి. పిప్‌తో పైవీసా వేసుకున్నాక పని ఇలా నడుస్తుంది. రిసోర్స్ మేనేజర్ అనే వస్తువును తయారుచేయాలి. దాన్ని లిస్ట్ రిసోర్సెస్ అని అడిగితే కనిపించే అడ్రస్‌లన్నీ ఇస్తుంది. దాచుకున్న అడ్రస్‌ను ఓపెన్ రిసోర్స్‌కు ఇస్తే పరికరం చేతికొస్తుంది. ఇక రైట్ అంటే కమాండ్ పంపడం, రీడ్ అంటే జవాబు చదవడం, క్వెరీ అంటే రెండూ కలిపి. మొదటి ప్రోగ్రామ్‌లో క్వెరీతో మళ్లీ *ఐడీఎన్? అడిగి ప్రింట్ చేయండి. రెండు పదాల పేర్ల మధ్య అండర్‌స్కోర్ ఉంటుందని గుర్తుంచుకోండి. విండోస్‌లో పైథాన్ 64 బిట్, వీసా 32 బిట్ అయితే లైబ్రరీ దొరకలేదని వస్తుంది, రెండూ ఒకే రకం ఉండాలి.

ఆ తర్వాత అందరికీ ఎదురయ్యేది టైమౌట్. దీన్ని కొంచెం నిదానంగా అర్థం చేసుకుందాం, ఎందుకంటే చాలామంది దీన్ని చూసి కనెక్షన్ పోయిందని కేబుల్ మార్చడం మొదలుపెడతారు. పైవీసా జవాబు కోసం మామూలుగా 2000 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. బెంచ్ మల్టీమీటర్ నాయిస్ తగ్గించడానికి మెయిన్స్ సైకిళ్లను లెక్కపెట్టి కొలుస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు, 60 హెర్ట్జ్ దగ్గర సుమారు 16.7. 50 హెర్ట్జ్ దగ్గర 100 సైకిళ్లు పెడితే ఒక్క రీడింగ్‌కు 2 సెకన్లు. ఆటోజీరో ఆన్‌లో ఉంటే ప్రతి రీడింగ్‌కు లోపలి సున్నాను కూడా కొలుస్తుంది కాబట్టి దాదాపు రెట్టింపు, 4 సెకన్లు. పరికరం తన పని తాను సరిగ్గానే చేస్తోంది, మన ప్రోగ్రామే ముందు లేచి వెళ్లిపోయింది. టైమౌట్‌ను 10000 చేస్తే సరిపోతుంది. అయితే ఒకసారి టైమౌట్ జరిగాక ఆ ఆలస్యపు జవాబు పరికరంలోనే ఉండిపోయి, తర్వాతి ప్రశ్నకు జవాబుగా రావచ్చు. అప్పుడు రీడింగ్‌లన్నీ ఒక్కో మెట్టు జరుగుతాయి. టైమౌట్ వచ్చినప్పుడల్లా, మిగిలిపోయిన జవాబులను తుడిచేసే డివైస్ క్లియర్ పంపి మళ్లీ మొదలుపెట్టడం క్షేమం.

రీడింగ్‌గా 9.9ఈ37 అనే అంకె వస్తే అది వోల్టేజ్ కాదు. రేంజ్ దాటిందని చెప్పడానికి ఎస్‌సీపీఐలో పెట్టుకున్న గుర్తు. సగటు తీసే ముందు దాన్ని తీసేయాలి.

స్కోప్ నుంచి వేవ్‌ఫామ్ తెచ్చుకోవడం

స్కోప్ వేల, లక్షల పాయింట్లు ఇస్తుంది కాబట్టి వాటిని అక్షరాల్లో కాకుండా బైనరీలో పంపించుకోవాలి. ఆ బైనరీ ముక్క ముందు హ్యాష్ గుర్తు, తర్వాత ఒక అంకె, ఆ తర్వాత పొడవు ఉంటాయి. హ్యాష్ తర్వాత 9 ఉంటే తర్వాతి తొమ్మిది అంకెలు కలిపి ఎన్ని బైట్లు రాబోతున్నాయో చెబుతాయి. పైవీసాలో క్వెరీ బైనరీ వాల్యూస్ ఈ లెక్కంతా చూసుకుంటుంది, మీరు డేటా రకం సరిగ్గా చెప్పాలి అంతే.

వచ్చేవి వోల్ట్‌లు కావు, మామూలుగా 0 నుంచి 255 లోపు కోడ్‌లు. వాటిని వోల్ట్‌లుగా మార్చడానికి వేవ్‌ఫామ్ ప్రియాంబుల్ (అల కొలమానం వివరాలు) అడిగితే అందులో ఇంక్రిమెంట్, ఆరిజిన్, రిఫరెన్స్ అనే మూడు సంఖ్యలు ఉంటాయి. సూత్రం అన్ని కంపెనీలకూ ఒకటే కాదు. కీసైట్ స్కోప్‌లలో కోడ్ నుంచి రిఫరెన్స్ తీసేసి, ఇంక్రిమెంట్‌తో గుణించి, ఆరిజిన్ కలపాలి. రైగోల్ 1000జెడ్ వరుసలో ఆరిజిన్, రిఫరెన్స్ రెండూ ముందే తీసేసి, తర్వాత గుణించాలి. ఒకదాని సూత్రం ఇంకోదానికి వాడితే అల ఆకారం సరిగ్గానే ఉంటుంది, ఎత్తు మాత్రం పైకో కిందికో జరుగుతుంది. మొదటిసారి స్కోప్ ముందు ప్యానెల్‌లో ఉండే ప్రోబ్ కాంపెన్సేషన్ చతురస్రపు అలను తెచ్చుకుని, స్క్రీన్ మీద కనిపించే వోల్టేజీతో పోల్చి చూడండి. అలను ఆపి, అంటే స్టాప్‌లో పెట్టి చదవడం మంచిది, లేకపోతే చదివే మధ్యలోనే కొత్త అల రావచ్చు.

రాత్రంతా నడిచే లాగింగ్

ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. ఒక రెఫరెన్స్ వోల్టేజ్ ఎంత కదులుతుందో చూడాలని 14 గంటల లాగింగ్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే మొదటి 40 నిమిషాలే ఉన్నాయి. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ప్రతిసారీ ముందు స్లీప్ ఆఫ్ చేస్తాను, వాడకంలో లేని యూఎస్‌బీ పోర్ట్‌ను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపేస్తాను, ఆటోమేటిక్ అప్‌డేట్‌తో రీస్టార్ట్ అవ్వకుండా వాయిదా వేస్తాను.

ప్రోగ్రామ్ విషయంలో కూడా కొన్ని ఉన్నాయి. రీడింగ్‌లను చివర్లో ఒకేసారి రాయకండి. ప్రతి రీడింగ్‌ను సీఎస్‌వీ ఫైల్‌లో ఒక లైన్‌గా రాసి వెంటనే ఫ్లష్ చేయండి, అంటే డిస్క్ మీదికి పంపేయండి, కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది. ప్రతి లైన్‌కూ సమయం వేయండి. ‘ప్రతి లూప్‌కు ఒక సెకను’ అని లెక్క వేసుకుంటే, కొలతకు పట్టే సమయం కలిసి గంటకు నిమిషాల తేడా వస్తుంది. టైమౌట్ వస్తే ప్రోగ్రామ్ మొత్తం ఆగిపోకుండా, ఖాళీ లైన్ రాసి మళ్లీ ప్రయత్నించేలా చేయండి. పూర్తి రాత్రికి ముందు అదే ప్రోగ్రామ్‌ను పది నిమిషాలు నడిపించి, మధ్యలో కేబుల్ తీసి మళ్లీ పెట్టి చూడండి.

పవర్ సప్లైను ప్రోగ్రామ్‌తో నడుపుతుంటే ఇంకో జాగ్రత్త తప్పనిసరి. ప్రోగ్రామ్ హ్యాంగ్ అయినా పవర్ సప్లై చివరగా చెప్పిన వోల్టేజ్ ఇస్తూనే ఉంటుంది. అందుకే కరెంట్ లిమిట్, ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్ రెండూ పరికరంలోనే, మీ సర్క్యూట్ తట్టుకునే విలువకు ముందే సెట్ చేయండి. పైథాన్‌లో ఔట్‌పుట్ ఆఫ్ చేసే లైన్‌ను ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టండి, మధ్యలో ఎర్రర్ వచ్చినా అది నడుస్తుంది. లిథియం బ్యాటరీ చార్జింగ్ లాంటి వాటిని ఒక్క ప్రోగ్రామ్ భరోసా మీద వదిలి వెళ్లకండి.

ప్రోగ్రామ్ ముగిశాక పరికరం ముందు ప్యానెల్ బటన్లు పనిచేయకపోతే కంగారు పడకండి. అది రిమోట్ మోడ్‌లో ఉంది, లోకల్ బటన్ నొక్కితే తిరిగి వస్తుంది.

చివరగా ఫైల్ గురించి. ప్రతి సీఎస్‌వీ పైన మొదటి లైన్‌గా ఆ రోజు పరికరం ఇచ్చిన *ఐడీఎన్? జవాబు, దాని కింద రేంజ్, సైకిళ్ల సంఖ్య, ఆటోజీరో ఆన్‌లో ఉందా లేదా, ప్రోబ్ ఎన్ని రెట్లది అన్నవి ప్రోగ్రామ్‌తోనే రాయించండి. ఆరు నెలల తర్వాత ఆ ఫైల్ తెరిచినప్పుడు ఏ మీటర్‌తో, ఏ సెట్టింగ్‌తో కొలిచారో అందులోనే ఉంటుంది.